మూడు నేలలు చూడాలంటే ముందు తేదీ కుదరాలి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అత్తగారికి 66, మావగారికి 71 ఏళ్లు. పిల్లలిద్దరూ ఏడు, నాలుగు తరగతులు చదువుతున్నారు. ‘గడ్డిమైదానం, సముద్రతీరం, చిత్తడినేల – మూడూ ఒకే యాత్రలో’ అంటూ ఒక విదేశీ టూరు ప్రకటన కనిపించింది. అంత దూరం పోలేం. అలాంటిది మన గంజాం వైపే కుదరదా? ఒక ట్రావెల్స్ వాళ్లు రెండు రోజుల్లో పదకొండు చోట్లు చూపిస్తామంటున్నారు. మా వారికి నాలుగు రోజుల సెలవు దొరుకుతుంది. ఏ నెలలో వెళ్లాలి? గైడు అవసరమా? పెద్దవాళ్లు తట్టుకుంటారా?

సమాధానం: బాగా కుదురుతుందండీ. ఆస్కా, బుగుడ వైపు పొలాల్లో కృష్ణజింకలున్నాయి. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్లు గుడ్లు పెడతాయి. చిలికాకు చలికాలంలో లక్షల పక్షులు దిగుతాయి. పైగా మంగోలియా లాంటి మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచే చిలికా పక్షుల్లో చాలా భాగం వస్తాయి. అంత దూరం వెళ్లలేకపోయామన్న బెంగ వద్దు, అక్కడి జక్కవ బాతులే ఇక్కడికి వస్తున్నాయి.

ఆ రెండు రోజుల పదకొండు చోట్ల బేరం మాత్రం వదిలేయండి. జంతువులూ పక్షులూ దర్శనమిచ్చేది పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. రెండు రోజులంటే మీ చేతిలో ఉండేవి రెండు పొద్దులే. పదకొండు చోట్లలో తొమ్మిదింటికి మీరు మిట్టమధ్యాహ్నం చేరతారు. అప్పుడు కనిపించేవి ఎండ, టీకొట్టు, సెల్ఫీ తీసుకునే చోటు. ఒక పొద్దుకు ఒక నేల అనుకోండి, నాలుగు రోజులు చక్కగా సరిపోతాయి.

ముందు తేదీ సంగతి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సంక్రాంతి సెలవుల్లో వెళితే పక్షులు నిండుగా ఉంటాయి గానీ తాబేళ్ల సామూహిక గుడ్లు పెట్టడం మొదలై ఉండదు. మార్చి నెలాఖరుకు వెళితే తాబేళ్ల పని ముగిసి ఉండొచ్చు, వలస పక్షుల్లో ఎక్కువ భాగం వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ముదురుతుంది. మూడూ ఒకదానిమీద ఒకటి పడే కాలం ఫిబ్రవరి రెండో సగం. అప్పటికి చిలికాలో నీరు తగ్గి బురదమేటలు బయటపడతాయి. బురదలో ముక్కుతో పొడిచి తినే పక్షులు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. పొలాల్లో వరి కోతలయ్యాక వేసిన పెసర, మినుము ఇంకా పచ్చగా ఉంటాయి కాబట్టి జింకలూ అక్కడే తిరుగుతుంటాయి. పిల్లల పరీక్షలకు ముందు కదా అంటారేమో. నాలుగో తరగతి, ఏడో తరగతి పరీక్షలకు కొంపలేం మునగవు.

అయితే తాబేళ్ల తేదీ మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. 2025లో ఫిబ్రవరి మధ్య నుంచే వచ్చి దాదాపు ఏడు లక్షల తాబేళ్లు రుషికుల్య ఒడ్డున గుడ్లు పెట్టాయి. దానికి ముందు ఏడాది, 2024లో, ఇక్కడికి గుంపుగా రానేలేదు. దక్షిణపు గాలి గట్టిగా తగిలితే వస్తాయని జాలర్లు చెబుతారు, వాళ్ల అంచనాను కొట్టిపారేయడానికి లేదు. కానీ గాలిని నమ్మి హోటల్ గది బుక్ చేసుకోలేం. ‘తాబేళ్లు గ్యారంటీ’ అన్న టూరువాడిని అక్కడే ఆపేయండి. వాడికి తాబేలు సంగతీ తెలియదు, గ్యారంటీ అన్న మాటకు అర్థమూ తెలియదు.

అందుకని బస ఎక్కడన్నది ముఖ్యం. మొదటి రాత్రి బరంపురంలో, తర్వాతి మూడు రాత్రులు రంభలో ఉండండి. రంభ చిలికాకు దక్షిణపు కొస. ఎన్‌హెచ్-16 మీదే ఉంటుంది, ఒడిశా పర్యాటకశాఖ బస పాంథనివాస్ నీటి ఒడ్డునే ఉంది. అక్కడి నుంచి తాబేళ్ల తీరం అరగంట, ముప్పావుగంట దూరం. ఏ రాత్రి కబురొస్తే ఆ రాత్రే వెళ్లొచ్చు, మర్నాటి కార్యక్రమాన్ని అటూ ఇటూ జరుపుకోవచ్చు. గోపాలపురం బీచ్‌లో గది తీసుకుంటే సముద్రం కనిపిస్తుంది గానీ చిలికాకు పొద్దున్నే చేరలేరు.

సెలవు మొదలయ్యే ముందురోజు సాయంత్రమే బరంపురం చేరిపోండి. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఆస్కా మీదుగా కృష్ణజింకల ఊరు భేట్నోయి. చీకట్లో రెండు గంటలు వేసుకోండి. ఆస్కాలోనే అందరూ బాత్రూం పనులు ముగించుకోవాలి, ఆ తర్వాత అన్నీ పొలాలే. కారులో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లుంటే చెప్పుకోవాల్సిన మాట ఇది, ఏ బ్రోచర్లోనూ ఉండదు.

భేట్నోయి, బాలిపదర్ ఊళ్లు అభయారణ్యాలు కావు. మామూలు రైతుల పొలాలు. పూర్వం కరవు పట్టినప్పుడు ఈ జింకలు పొలాల్లోకి వచ్చాకే వానలు పడ్డాయని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే పైరు మేసినా కర్రెత్తరు. 2011 లెక్కల్లో ఒడిశాలో 2,194 ఉన్న కృష్ణజింకలు 2021కి ఏడు వేలు దాటాయంటే అందులో ఆ రైతుల ఓర్పు వాటా పెద్దది. మీరు కాలు పెట్టేది వాళ్ల మినప చేలో అని గుర్తుంటే చాలు, మిగతా నియమాలన్నీ దానంతట అవే వస్తాయి. గట్టు దిగకూడదు. చేలో ఎవరైనా పని చేస్తుంటే ముందు పలకరించాలి. డ్రోన్ ఎగరేయకూడదు. కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, తరిమి పరిగెత్తించడం కూడా నేరమే.

చూసే పద్ధతి ఒకటుంది. కారు ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు దించి, కారులోనే కూర్చోండి. ఈ జింకలు బండికి అంతగా బెదరవు. బండిలోంచి దిగిన మనిషి రెండు కాళ్ల ఆకారం చూస్తే బెదురుతాయి. సూర్యుడు మీ వెనక ఉండేలా ఆపించండి, లేదంటే నల్ల జింక నల్ల నీడలాగే కనిపిస్తుంది. మొదట కనిపించేవి లేళ్లు, అంటే ఆడవి – గోధుమరంగు, కొమ్ముల్లేవు. వాటి చుట్టూ కాస్త ఎడంగా వీపు నల్లగా, పొట్ట తెల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఒక ఇర్రి, అంటే మగది, ఉంటుంది. దానిమీదే బైనాక్యులర్ పెట్టి పది నిమిషాలు కదలకుండా చూడమనండి పిల్లల్ని. మూతి పైకెత్తి, కొమ్ములు వీపుకు ఆనేలా తల వెనక్కి వాల్చి, చెవులు కిందికి జార్చి, ఠీవిగా నడుస్తుంది. గొంతులోంచి గురగురమంటుంది. కంటి కిందున్న గ్రంథిని గడ్డిపరకలకో కొమ్మలకో రాస్తుంది. పెంటికలు ఒకేచోట కుప్పగా వేస్తుంది. అది తన జాగా అని చాటడం. ఇంకో మగది ఆ హద్దు దాకా వస్తే ఏమవుతుందో చూడటానికే అంత దూరం వెళ్లాలి. దూకుతున్న జింకల ఫొటో కోసం డ్రైవరు హారను కొడితే వారించండి. అది అందం కాదు, భయం. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కూడా ఇదే, మీ పిల్లలు జీకేలో చదివే ఉంటారు.

ఎనిమిదిన్నరకల్లా ఎండ ఎక్కుతుంది, జింకలు చెట్టు నీడలకు సర్దుకుంటాయి. అక్కణ్ణుంచి పురుషోత్తమపురం వైపు వచ్చి జౌగడ చూడండి. ఇది అశోకుడి శాసనం ఉన్న బండ. జౌ అంటే ఒడియాలో లక్క. లక్కకోట అన్న పేరు విని పాండవుల లక్కయింటి కథ చెబుతారు, చెప్పనివ్వండి. మన ఊళ్లలో భీముడి అడుగు పడని కొండ ఏముంది గనక. చూడాల్సింది మాత్రం రాతిమీది అక్షరాలు. అశోకుడి పెద్ద శిలాశాసనాలు పద్నాలుగు. జౌగడలో 11, 12, 13 లేవు. కళింగ యుద్ధంలో చచ్చినవాళ్ల సంఖ్య చెప్పి పశ్చాత్తాపపడ్డది ఆ పదమూడోదే. యుద్ధం జరిగిన కళింగలో దాన్ని చెక్కించలేదు. దాని బదులు ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. మనుషులందరూ నా బిడ్డలే అన్నమాట అందులోదే. ఎందుకలా చేసి ఉంటాడో మీ మావగారూ పెద్దబ్బాయో అమ్మాయో కారులో వాదించుకోవచ్చు.

అక్షరాలు లోతుగా ఉండవు. రక్షణ కోసం పైన కప్పు, చుట్టూ కటకటాలు ఉన్నాయి కాబట్టి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే గీతలు తేలతాయి. ఆ శాసనం ఉన్నది బ్రాహ్మీ లిపిలో, వెళ్లేముందు ఇంట్లోనే పిల్లలకు నాలుగు బ్రాహ్మీ అక్షరాలు నేర్పండి. కూడిక గుర్తు లాంటిది ‘క’. తలకిందులైన వి ఆకారం ‘గ’. గుండ్రటి సున్నా ‘ఠ’. సున్నా మధ్య చుక్క ఉంటే ‘థ’. మన తెలుగు ‘థ’లో ఆ చుక్క ఇంకా మిగిలే ఉంది చూడండి. ఈ నాలుగూ తెలిస్తే పిల్లలు కటకటాల్లోంచి కళ్లు చికిలించి వెతకడం మొదలుపెడతారు, గైడు ఉపన్యాసం అక్కర్లేదు. ఇంకో తమాషా – ఈ శాసనం భాష ప్రాకృతం, ఇక్కడి ప్రాకృతంలో ‘ర’ పలకదు, ‘ల’ పలుకుతుంది. రాజు అనే మాట ‘లాజా’ అని ఉంటుంది. మీ చిన్నది ఎప్పుడో అలాగే పలికి ఉంటుంది.

పక్కనే రుషికుల్య ఒడ్డున కొండమీద తారాతారిణి గుడి. 999 మెట్లు. రోప్‌వే ఉంది, పెద్దవాళ్లకు అదే. చైత్రమాసం మంగళవారాల్లో ఆ దారి జోలికే పోకండి, లక్షల జనం. ఫిబ్రవరిలో ఆ బెడద ఉండదు. మధ్యాహ్న భోజనం అయ్యాక తిన్నగా రంభ చేరి పడుకోండి. మొదటి రోజుకు ఇంతే.

రెండో పొద్దు చిలికాలో మంగళాజోడి. రంభ నుంచి ఎన్‌హెచ్-16 మీద ఉత్తరంగా గంటన్నర, టాంగి దగ్గర లోపలికి తిరగాలి. ఆరున్నరకల్లా పడవలో ఉండాలి. ఈ ఊరు ఒకప్పుడు పక్షుల వేటకు పేరుమోసింది. 2000లో శ్రీ మహావీర పక్షి సురక్షా సమితి ఏర్పడ్డాక ఆ వేటగాళ్లే కాపలాదారులయ్యారు, పడవ నడిపే గైడ్లయ్యారు. మీరడిగిన ‘గైడు అవసరమా’ అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు – తప్పనిసరి. రెల్లులో కదలకుండా కూర్చున్న పిట్టను వాళ్లు పట్టినట్టు మనం పట్టలేం. వేటాడిన కన్ను కదా.

పడవకు ఇంజను ఉండదు, వెదురుగెడతో తోస్తారు. అందుకే పక్షులు పది పన్నెండు గజాల దాకా రానిస్తాయి. అడుగు చదునుగా ఉండే పడవ, పీటలు బాగా కిందికి ఉంటాయి. మీ అత్తగారి మోకాళ్లకు కష్టం. ఒక గట్టి దిండో, కాస్త ఎత్తు పీటో తీసుకెళ్లండి. ఒక పడవలో ఐదారుగురు పడతారు గానీ మీరు రెండు మాట్లాడుకోండి. ఒకే పడవలో అందరూ ఎక్కి, పక్షి కనిపించగానే అందరూ ఒకే పక్కకు ఒరిగితే పడవ ఊగుతుంది, పక్షి ఎగిరిపోతుంది. పిల్లలకు లైఫ్ జాకెట్ సైజు సరిపోవాలి. పెద్దవాళ్లది తొడిగితే భుజాలు దాటి పైకి జారిపోతుంది, తొడిగినా తొడగనట్టే. పడవ ఎక్కకముందే బెల్టు బిగించి భుజాల దగ్గర పైకి లాగి చూడండి.

బైనాక్యులర్ కొనాలంటే 8×42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. పది రెట్లది మంచిదని దుకాణంవాడు అంటాడు. పడవలో చేతి వణుకు కూడా పదిరెట్లు అవుతుంది. ఇద్దరికి ఒకటి చొప్పున ఉండాలి, ఒక్కటే తెస్తే యాత్రంతా దానికోసం పోట్లాటే.

ఏమేం కనిపిస్తాయంటే – తోక సూదిలా సాగిన పిన్‌టెయిల్ బాతులు, నారింజరంగు జక్కవల జంటలు, బురదలో పొడవాటి ముక్కు పెట్టే గాడ్‌విట్‌లు వేలకొద్దీ, తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే జకానాలు, ఊదారంగు నీటికోళ్లు. తల వెనక రెండు నల్లటి పట్టీలున్న పెద్దబాతు కనిపిస్తే అది హిమాలయాలు దాటి వచ్చిందని పిల్లలకు చెప్పండి. తొమ్మిదింటికి తిరిగిరండి. ఎర్ర చొక్కా, తెల్ల చొక్కా వద్దు. మట్టిరంగు, ఆకుపచ్చ మంచివి.

మూడో పొద్దు రంభ దగ్గరే, పొద్దెక్కేదాకా నిద్రపోనివ్వండి పిల్లల్ని. మోటారు పడవలో దీవులు చూడొచ్చు. నీళ్ల మధ్య రాతిమీద నిలిచిన శంఖాకారపు స్తంభం, బ్రేక్‌ఫాస్ట్ ఐలండ్‌లో పాడుబడ్డ బంగళా. బర్‌కుడా దీవిలో 1917లో కాళ్లు లేని ఒక నలికిరిని మొదటిసారి గుర్తించారు. దాని శాస్త్రీయ నామం బర్‌కుడియా. అది మట్టి లోపల బతికేది, మీకు కనిపించదు, కనిపిస్తుందని గైడు అంటే నవ్వి ఊరుకోండి. పడవను పదకొండు లోపల ఒడ్డుకు చేర్పించండి. మధ్యాహ్నం గాలి లేస్తే నీటిమీద తెల్లటి అలలు కడతాయి. మావగారికి కడుపులో తిప్పడానికి అవి చాలు.

నలబణ పక్షుల దీవి లోపలికి తీసుకెళ్తానని పడవవాడు అదనంగా డబ్బడిగితే ఒప్పుకోవద్దు. అది 1987లో ప్రకటించిన అభయారణ్యం, దూరం నుంచి చూడాల్సిందే. ఇంజను చప్పుడుకు గుంపంతా లేచిందంటే మేత మానేసి గాల్లో తిరగడానికే వాటి ఒంట్లోని కొవ్వు కరుగుతుంది. తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు అది. డాల్ఫిన్ల కోసం సాతపడా వెళ్లాలని పిల్లలు పట్టుబడతారు. అది సరస్సుకు అవతలి చివర, పూరీ వైపు. ఈసారికి వదిలేయండి, పూరీ జగన్నాథుడి దర్శనానికి వెళ్లినప్పుడు చూడొచ్చు.

ఆ సాయంత్రం గంజాం ఊళ్లో పోటగడ. నక్షత్రాకారపు కోట, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే కంపెనీ దొర హయాం నాటిది. 1815లో జ్వరాలు చెలరేగి జనం పిట్టల్లా రాలిపోతే దొరలు ఈ ఊరు వదిలారు. అప్పటినుంచే బరంపురం పెరిగింది. కోటలో పొదలు పెరిగి ఉంటాయి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. పక్కనే హుమ్మా ఉప్పుమడుల్లో సాయంత్రం పొడుగుకాళ్ల పిట్టలు వాలతాయి, రోడ్డుమీది నుంచే కనిపిస్తాయి.

ఇక తాబేళ్లు. పురుణబంధ, గొఖర్‌కుడా, పొడంపేట ఊళ్ల ముందున్న ఇసుక అది. ఈ తీరపు జాలర్లలో చాలామంది తెలుగువాళ్లే, నోలియాలంటారు. మీ భాషలోనే కబుర్లు చెబుతారు. పొడంపేటను సముద్రం కోసేసింది, జనాన్ని వేరేచోటికి తరలించారు. పగలు ఒకసారి వెళ్లి ఆ పడిపోయిన ఇళ్లు చూడండి. అనుమతి, కబురు రెండూ అటవీశాఖ ఖల్లికోట రేంజి నుంచి రావాలి. గుడ్లు పెట్టే రోజుల్లో తీరానికి వలకంచె కడతారు, కొన్ని రాత్రులు ఎవర్నీ రానివ్వరు. రానివ్వకపోతే బతిమాలకండి, పక్క ఊరివాడెవడో దొడ్డిదారిన తీసుకెళ్తానంటే అసలు వెళ్లొద్దు.

వెళ్లగలిగితే ఒక వరస తెలియాలి. తాబేలు నీళ్లలోంచి వచ్చి, పొడి ఇసుక చేరి, వెనక రెక్కలతో మార్చిమార్చి తోడుతుంది. మూరెడు లోతు గొయ్యి, కడవ ఆకారం. ఈ దశలో ఒక్క టార్చి వెలుగు పడినా, అడుగుల అదురు తగిలినా పని ఆపేసి సముద్రానికి తిరిగిపోతుంది. గుడ్లు జారడం మొదలయ్యాక మాత్రం పరధ్యానంలోకి పోతుంది. అప్పుడు మాత్రమే, వెనక నుంచి, గైడు రమ్మంటే దగ్గరికి వెళ్లాలి. వందకు అటూ ఇటూ గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా తడిగా తెల్లగా ఉంటాయి. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. ఆ దబదబ చప్పుడు కోసం చెవులు రిక్కించమని పిల్లలకు చెప్పండి. మొత్తం గంట లోపు పని. ఫోన్లు కారులోనే వదిలేయండి. టార్చికి రెండు పొరల ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, అదీ నేలకే వేయాలి. మెత్తటి ఇసుకలో చీకట్లో కిలోమీటరు నడవాల్సి రావచ్చు. అత్తగారు, మావగారు రంభలోనే పడుకోవడం మంచిది, ఈ ఒక్క రాత్రికి.

మీరున్న నాలుగు రోజుల్లో తాబేళ్లు రాకపోతే బాధపడకండి. గుంపు ఏ తేదీన వచ్చిందో పత్రికల్లో పడుతుంది. దానికి 45 నుంచి 50 రోజులు కలుపుకోండి. తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చే రోజులు అవే. తల్లుల రాకకంటే దీన్ని లెక్కకట్టడం తేలిక. ఒక్క రాత్రికి వచ్చి తెల్లారి వెళ్లిపోవచ్చు. అవి వెలుతురున్న దిక్కుకు పాకుతాయి. చీకటి రాత్రి అన్నిటికంటే వెలుగు సముద్రంమీదే ఉంటుంది, దాన్ని నమ్మే అవి బతుకుతాయి. ఊరి దీపాలో మీ కారు లైట్లో కనిపిస్తే ఇటు తిరుగుతాయి, తెల్లారేసరికి కాకుల పాలవుతాయి. దారి తప్పిన వాటిని చూస్తే అక్కడున్న వలంటీర్లను పిలవండి, మీరు ఎత్తొద్దు.

గైడును మాట్లాడుకునేటప్పుడు ఖర్చు అడగడానికి ముందు మూడు సంగతులు అడగండి. పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతావు? ఏడింటికి అంటే వద్దు. తాబేళ్లు రాకపోతే ఏం చేస్తావు? జవాబు తడబడితే వద్దు. పడవ, ప్రవేశ రుసుము, కెమెరా రుసుము మొత్తంలో కలిసే ఉన్నాయా? దీన్ని వాట్సాప్‌లో రాయించుకోండి, గొడవలన్నీ వచ్చేది ఇక్కడే. నాలుగు రోజులకూ ఒకే గైడు అక్కర్లేదు. బరంపురం నుంచి నమ్మకమైన కారు, డ్రైవరు, భేట్నోయిలో ఒడియా మాట్లాడగల స్థానికుడు, మంగళాజోడిలో అక్కడివాళ్లు. ఇలా విడివిడిగా పెట్టుకుంటే డబ్బు ఆ ఊళ్లకే చేరుతుంది. ప్రభుత్వ ఎకోటూర్ ఒడిశా వెబ్‌సైటులో కొన్ని బసలు దొరుకుతాయి, ఫిబ్రవరి శని ఆదివారాలు త్వరగా నిండిపోతాయి.

నాలుగో రోజు ఇంటికి. ఇచ్ఛాపురం, పలాస మీదుగా టెక్కలి వచ్చి పర్లాకిమిడికి తిరగండి. టెక్కలి పక్కనే తేలినీలాపురం. ఊళ్లో ఇళ్ల మధ్య చెట్లమీదే పెలికాన్లు, రంగురంగుల కొంగలు గూళ్లు కట్టి ఉంటాయి. సైబీరియా పక్షులని ఊరంతా అంటారు గానీ ఈ రెండూ మన దేశంలోనే తిరిగే పక్షులు. కారు దిగనక్కర్లేకుండానే కనిపిస్తాయి కాబట్టి అలిసిపోయిన మీ అత్తగారికి అన్నిటికంటే ఇదే నచ్చొచ్చు. చెట్టు కింద మాత్రం గొడుగు వేసుకోమనండి.